ప్రాచీనగ్రంథ పరిష్కర్తకుఁ గల స్వామ్యము

ఒక పండితుఁడు నాలుగైదు తాళపత్రప్రతులను సంపాదించి, వానిని సరిపోల్చి, లేఖకప్రమాదములను దొలఁగించి, గణయతిప్రాసములను బరీక్షించి, శిథిలమైన తావుల నూహించి పూరించి, యొక ప్రాచీనకావ్యమును ముద్రింపించెను. పీఠిక వ్రాసెను, పాఠాంతరములను బుటల యడుగునఁ జూపెను, కఠినపదములకు లఘుటీకను జేర్చెను. పని పదియేండ్లు పట్టినది. రెండేండ్లైనఁ గాకమునుపే మఱియొక ముద్రాపకుఁడు పీఠికను, టీకను, పాఠాంతరములను విడిచి, మూలపద్యములను మాత్ర మక్షరము తప్పకుండ నెత్తి ముద్రించి సగము వెలకు నమ్మఁజొచ్చెను. పండితుఁడు చౌర్యమని మొఱపెట్టును. ముద్రాపకుఁడో, "కావ్యము నన్నూఱేండ్లనాఁటిది. దానిని జెప్పినవాఁ డెవ్వఁడో కాని నీవు గావు. కవి సొమ్ము లోకమునకుఁ జెందినది, నేనును లోకములోని వాఁడనే" అని బదులు చెప్పును. ఈ యిరువురిలో న్యాయ మెవ్వరి పక్షమున నున్నది?

ఈ పండితుఁడును ముద్రాపకుఁడును గల్పితులే. కాని యిట్టి తగవు పెక్కుదేశములఁ బుట్టినది, న్యాయస్థానముల కెక్కినది, ఒక్కొక్కచోట నొక్కొక్క విధముగాఁ దీఱినది. తెలుఁగునఁ బూర్వకావ్యముల పరిష్కరణము నేఁటికిని ముగియని పని. కావున నా పనికిఁ బూనినవారును, వారి కూర్పులను బాఠశాలలలో వాడుకొనువారును చట్టమునఁ దమకుఁ గల స్థానము నెఱిఁగియుండుట యావశ్యకము. ఆ చట్ట మిచ్చు సమాధానము పండితుఁ డాశించునంత యనుకూలమును గాదు, ముద్రాపకుఁడు తలఁచునంత సులభమును గాదు.

ముద్రణమునకుఁ బూర్వము మనదేశమున నీ ప్రశ్నకుఁ దావు లేదు. కృతిపతి యను మాట కలదు గాని యది స్వామ్యవాచకము గాదు. కృతిని గన్యగా భావించి యొకనికి సమర్పించుట కవికిఁ బోషణమును, కృతిభర్తకుఁ గీర్తిని నిచ్చెడి సంప్రదాయము. కృతి నందుకొన్న ప్రభువు, తన యనుమతి లేనిదే దానికిఁ బ్రతి వ్రాసికొనరాదని యొకని నడ్డగించుట యా సంప్రదాయములోని మాట గాదు. పైఁగాఁ బ్రతి వ్రాయించి దానము చేయుట పుణ్యకార్యముగా నెన్నఁబడెను. పరుని మాట నెత్తికొనుట దోషమని మనవా రెఱుఁగకపోలేదు. రాజశేఖరుఁడు కావ్యమీమాంసయందు శబ్దహరణమును, అర్థహరణమును వేఱుచేసి, యేది తగును, ఏది తగదు అని విస్తరించి చర్చించెను. కాని యది కవిశిక్ష, దండనీతి గాదు. ఒక ప్రతికి లేఖకుని నెలల శ్రమ పట్టునంతకాలము ప్రతిచేయు హక్కునకు వెల లేదు. వేలకొలఁది ప్రతులు దించు యంత్రము వచ్చిన పిదపనే యది సొత్తైనది. కాపీరైటను మాటకు అర్థమును నిదియే.

ఆ సొత్తునకు గడు వుండవలెనా యనునది తొలి వివాదము. ఇంగ్లండున ఆన్ రాణి కాలమున 1710లో నమలైన చట్టము క్రొత్తగ్రంథములకు 14 ఏండ్లును, కర్త జీవించియున్నచో మఱి 14 ఏండ్లును హక్కు నిచ్చెను. హక్కు శాశ్వతమని లండను పుస్తకవర్తకులు దీర్ఘకాలము వాదించిరి. 1774లోఁ బ్రభుసభ డొనాల్డ్‌సన్, బెకెట్ల వ్యాజ్యమున నా వాదమును ద్రోసివేసెను. ఆ తీర్పు లేకున్నచో షేక్స్పియరు నేఁటికి నేదో యొక యంగడి సొత్తై యుండెడివాఁడు. మనదేశమునఁ గుంపిణీ ప్రభుత్వము 1847లో నొక చట్టము చేసెను. 1914లో మఱియొకటి వచ్చెను. 1958 జనవరి 21 నుండి యమలైన 1957వ సంవత్సరపు చట్టమే పెక్కు సవరణములతో నేఁడు నడచుచున్నది. దీని ననుసరించి, కర్త మరణించిన సంవత్సరమునకుఁ దరువాతి జనవరినుండి 60 ఏండ్లు హక్కు నిలుచును. 1992కుఁ బూర్వ మిది 50 ఏండ్లే. రవీంద్రనాథఠాకూరు రచనలకు 1991 తుదితో గడువు తీరనుండఁగా నది పొడిగింపఁబడెను. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1950లో మరణించిరి గనుక, వారి జీవితకాలమున వెలువడిన పీఠికలును వ్యాఖ్యలును 2011 జనవరి 1 నుండి యెవ్వరైనను ముద్రింపఁదగినవైనవి.

చట్టము రక్షించునది స్వోపజ్ఞమైన సాహిత్యకృతిని. స్వోపజ్ఞమనఁగా నింతకుముందు లోకమున లేని భావమని యర్థము గాదు. భావమునకుఁ గాపీరైటు లేనే లేదు. దానిని దెలుపు రచనకే కలదు. ఒక నాటకపు టితివృత్తమును బోలిన యితివృత్తముతో మఱియొకరు చలనచిత్రము తీసినంతమాత్రమున నది యపహరణము గాదని ఆర్.జి. ఆనంద్ వ్యాజ్యమున 1978లో సుప్రీంకోర్టు విస్పష్టముగాఁ జెప్పెను. కావున, టీకాకారుఁ డొక పద్యమునకుఁ దాను గనిపట్టిన యర్థమును దనదని బంధించి యుంచఁజాలఁడు. ఆ యర్థమును బరులు గ్రహించి తమ మాటలతోఁ జెప్పవచ్చును. అతని వాక్యములనే దింపుకొనుట మాత్రము కూడదు. పరిష్కర్త చిక్కంతయు నిచ్చటనే మొదలగుచున్నది. పీఠిక యతని మాట. టీక యతని మాట. మూలము మాత్ర మతని మాట గాదు.

ఈ భేదమును వెలికిఁ దెచ్చినవి విద్యార్థుల పుస్తకములే. పాల్‌గ్రేవు 1861లోఁ గూర్చిన గోల్డెన్ ట్రెజరీ యను నాంగ్లపద్యసంకలనము మనదేశపుఁ గళాశాలలలోఁ బ్రసిద్ధము. కలకత్తాలో నొకరు దానిలోని పద్యములనే గ్రహించి వేఱు పుస్తకము వేసిరి. పద్యము లెన్నఁడో గతించిన కవులవి. వానిపై సంకలనకర్తకు హక్కెక్కడిది యను ప్రశ్న కలకత్తా హైకోర్టు ముందునకు వచ్చెను. 1890లో నా న్యాయస్థానము, పద్యములు లోకమువే యైనను, విస్తారమైన సాహిత్యమునుండి యుత్తమములను నేఱి కూర్చుటయందు వివేచనము కలదనియు, ఆ యెంపికపై సంకలనకర్తకు స్వామ్యము కలదనియుఁ దీర్మానించెను. పూవులు తోఁటవి, దండ మాలాకారునిది యన్నట్లు.

ముప్పదిమూఁ డేండ్లకుఁ బ్రీవీకౌన్సిలు తీర్చిన బొంబాయి వ్యాజ్య మింతకంటె నిదానించి చూడఁదగినది. ప్లూటార్కు వ్రాసిన యలెగ్జాండరు చరిత్రమునకు సర్ తామస్ నార్తు 1579లోఁ బ్రకటించిన యాంగ్లానువాదము కలదు. మాక్మిలన్ కంపెనీవారు దానిని విద్యార్థులకొఱకుఁ గుదించి, కొన్ని భాగములు విడిచి, తెగినచోట్ల రెండు మూఁడు మాటలు చేర్చి యతికి, పీఠికతోను టిప్పణములతోను బ్రచురించిరి. కూపరువా రట్టిదే యొకటి వేసిరి. 1923 డిసెంబరులో నట్కిన్‌సన్ ప్రభువు చెప్పిన తీర్పు పుస్తకమును రెండుగాఁ జీల్చెను. నార్తు వాక్యములలోఁ గొన్నింటిని విడిచి కొన్నింటిని నిలిపినంతమాత్రమున స్వోపజ్ఞకృతి యేర్పడదు. ఆ మూలభాగముపై మాక్మిలనువారికి హక్కు లేదు. టిప్పణములు వేఱు: వానియందు విద్వత్తును, విచక్షణయుఁ గలవు, వానిని దింపుకొనుట హక్కును భంగించుట యగును. శ్రమపడితి నన్నఁ జాలదు. ఆ శ్రమవలన, ముడిసరకునకు లేని యొక గుణము ఫలితమున కబ్బవలయునని ప్రీవీకౌన్సిలు వేసిన కొలఁత తరువాతి వ్యాజ్యములలోఁ బలుమాఱు స్మరింపఁబడినది.

ఇది 1890 నాఁటి తీర్పునకు విరుద్ధముగాఁ దోఁచును గాని కాదు. ఒక సాహిత్యమంతయుఁ గలియఁజూచి నేఱుట వేఱు, చేతనున్న యొక్క పుస్తకమును గత్తిరించుట వేఱు. పూర్వకావ్యమునుండి యొక యాశ్వాసమును విడఁదీసి, బాలురకుఁ దగని పద్యములను దొలఁగించి, పాఠశాలాప్రతి యని వేయువారు తమ తొలఁగింపును సొత్తుగాఁ జెప్పుకొనుటకు దీనివలన వీలు లేకపోయినది. వారు తాము వ్రాసిన ప్రతిపదార్థతాత్పర్యములు మాత్రము వారివే. వానికిని ముందొక టీక మూలమైయుండినచో నా ప్రశ్న మరల నాద్యంతములు లేక సాగును.

ఆంగ్లదేశపు సంప్రదాయమున శ్రమకు గౌరవ మెక్కువ. రోజ్‌బెరీ ప్రభువు చేసిన యుపన్యాసములను విని, సంక్షేపలిపిలో వ్రాసికొని, వాక్యములకు విరామములు పెట్టి టైమ్సు పత్రికలోఁ బ్రకటించిన విలేఖరులు ఆ నివేదికలకుఁ గర్తలే యని 1900లోఁ బ్రభుసభ తీర్మానించెను. మాట పరునిది, దానిని గ్రంథస్థము చేసిన నేర్పు విలేఖరిది. ప్రాచీనపాఠమును గ్రంథస్థము చేయువారి కింతకంటె నాశ గొలుపు తీర్పు లేదు. 2005లో నాంగ్ల యప్పీలుకోర్టు దీని నాధారముగాఁ గొనెను. 1726లో మరణించిన లలాండ్ అను ఫ్రెంచి సంగీతకర్త కృతులను సాకిన్సు అను విద్వాంసుఁడు పాతప్రతులనుండి పరిష్కరించి గాయకులకు వలయు ప్రతులను సిద్ధపఱచెను. క్రొత్తసంగీతమును గల్పింప నతఁడు దలఁపలేదు. లలాండు సంగీతమునే నిలుపఁ గోరెను. అయినను దప్పులను దిద్దుటలోను, లోపించిన స్వరభాగములను బూరించుటలోను నతఁడు చూపిన నేర్పు హక్కునకుఁ జాలునని కోర్టు తలఁచెను.

మన సుప్రీంకోర్టు 2007 డిసెంబరులో నీ త్రోవనుండి కొంత తొలఁగెను. ఈస్టర్న్ బుక్ కంపెనీవారు సుప్రీంకోర్టు తీర్పులనే పరిష్కరించి ప్రచురించెడివారు. ఆ పాఠములను బరులు తమ విద్యుత్ప్రచురణములలోఁ జేర్చిరి. తీర్పుల మూలము ప్రజలది. అందు వివాదము లేదు. అక్షరదోషములను దిద్దుట, జాఱిపోయిన మాటలను జేర్చుట వంటి సవరణములు మాత్రము హక్కునకుఁ జాలవని న్యాయస్థానము చెప్పెను. గొప్ప నవ్యత యక్కఱలేదు. అట్లని కేవలశ్రమయుఁ జాలదు. స్వల్పమైనను సృజన గల నేర్పును వివేచనమును వలయును. ఆ కొలఁతకు నిలిచినవి మూఁడే: తీర్పును బేరాలుగా విభజించి సంఖ్యలు వేయుట, ఒక పేరానుండి మఱియొకదానికి సూచన చేయుట, ఏ న్యాయమూర్తి యేకీభవించెనో యెవ్వఁడు విభేదించెనో గుర్తించి చూపుట.

తాళపత్రముల వ్రాఁతతోఁ బరిచయము గలవారికి నీ తీర్పు రెండు దిక్కులకు లాగుట తోఁపక మానదు. లేఖకదోషమును దిద్దుట మొదటి తెగకుఁ జెందును. దానిపై నాశ యక్కఱలేదు. కాని తాటాకునఁ బదముల నడుమ నెడము లేదు, విరామచిహ్నము లేదు, పద్యము పాదములుగాఁ దెగదు. వచన మెచ్చట ముగిసి పద్య మెచ్చట మొదలగునో తెలియుటకు ఛందోజ్ఞానము గావలెను. ఒకే యక్షరపంక్తిని రెండు విధములఁ బదవిభాగము చేయవచ్చుచోట నర్థమే మాఱిపోవును. ఆంగ్లగద్యమును బేరాలుగా విఱుచుటయే వివేచనమైనచో, ఇది యెట్లు కాకపోవును? ఈ వాదమునకు బలము కలదు. చట్టములో మాత్రము ప్రాచీనపాఠ పరిష్కర్త యను పేరే లేదు గాన, వాద మెప్పటికప్పుడు మొదటినుండి చేయవలసియున్నది.

ఇంతకంటె లోఁతైన చిక్కొకటి కలదు. పరిష్కర్త లక్ష్య మేమి? కవి వ్రాసిన మాటను గవి వ్రాసినట్లు నిలుపుట. గ్రంథపాతమైనచోట నతఁ డూహించి పూరించిన పదము నిజముగాఁ గవి వ్రాసినదే యైనచో నది కవిది. కవిది గావున లోకమునది. ఊహ తప్పైనచో నా పద మతనిది. అతనిది గావున దానిపై హక్కును గలదు. ఈ లెక్కను జట్టము పరిష్కర్తకు నతఁ డోడినచోటనే బహుమాన మిచ్చుచున్నది. ఒక పాఠము తనదని కోర్టులో వాదించు పండితుఁడు, అది నన్నయది గాదని, తిక్కనది గాదని పండితసభలో నొప్పుకొనుచున్నాఁడు.

ఇది శుష్కతర్కము గాదు. మృతసముద్రతీరపుఁ గుమ్రాను గుహలలో దొరకిన హీబ్రూ వ్రాఁతప్రతులలో ధర్మాచారములను జర్చించు గ్రంథ మొకటి యఱువది డెబ్బది తునుకలుగా మిగిలెను. కిమ్రోన్ అను పండితుఁడు పదునొకం డేండ్లు శ్రమించి, తునుకల నతికి, నడుమ లోపించిన యక్షరములను భాషాజ్ఞానముతోను యూదధర్మశాస్త్రజ్ఞానముతోను బూరించి, 121 పంక్తుల పాఠమును సిద్ధపఱచెను. అతఁడు దానిని బ్రకటింపకముందే 1991లో నమెరికాలో వెలువడిన యొక గ్రంథమున నా పాఠ మతని పేరు లేకయే యచ్చయ్యెను. జెరూసలేము న్యాయస్థానము 1993లో నతని పక్షమునఁ దీర్పు చెప్పి లక్ష షెకెలుల పరిహార మిప్పించెను; ఇస్రాయేలు సర్వోన్నతన్యాయస్థానము 2000లో దానిని స్థిరపఱచెను. తునుకలు ముడిసరకు, వాని యమరికయు, నడుమఁ బూరించిన మాటలును గలిసి యొక కృతి యైనవని యా న్యాయస్థానపు భావము. ఈ తీర్పును మెచ్చనివారు విద్వాంసులలోఁ గలరు. రెండువేల యేండ్లనాఁటి గ్రంథపాఠము నేఁటివాని సొత్తైనచో, దానిపై విమర్శ వ్రాయఁ దలఁచినవా రందఱు నతని గుమ్మమునఁ బడిగాపులు పడవలసివచ్చునా యని వారి భయము.

2014లోఁ బారిసు న్యాయస్థానము దీనికి నెదురుత్రోవఁ ద్రొక్కెను. జెనీవాలోని డ్రోజ్ సంస్థవారు ప్రచురించిన మధ్యయుగ గ్రంథముల పాఠములను, టిప్పణములను విడిచి, గార్నియే సంస్థవారు తమ విద్యుద్గ్రంథసంచయమునఁ జేర్చుకొనిరి. మొదటఁ జెప్పిన ముద్రాపకుఁడు చేసినదియు నిదియే. పాఠములను నిర్ణయించుటలోఁ బరిష్కర్త యెంత పాండిత్యము చూపినను, అతఁడు వెదకునది మూలము. తన వ్యక్తిత్వమును దానిపై ముద్రించుట యతని యుద్దేశము గాదు. పాండిత్యమెల్లఁ గర్తృత్వము గాదు అని యా కోర్టు హక్కును నిరాకరించెను. తర్కమునకు నిలుచునది పారిసు తీర్పే. కాని పదియేండ్ల శ్రమకు రిక్తహస్తములు చూపునదియు నదియే.

తెలుఁగున దీనికి విచిత్రమైన దృష్టాంతము కలదు. నన్నెచోడుని కుమారసంభవమును మానవల్లి రామకృష్ణకవిగారు వెలికిఁ దెచ్చి 1909లో దాని తొలిభాగమును బ్రకటించిరి. అట్టి ప్రాచీనకావ్య మొకటి యంతకాలము మఱుఁగున నుండెనా యని సందేహించినవారు కలరు. పరిష్కర్తయే దానిని రచించి పూర్వకవి పేరు పెట్టె నన్నవారును లేకపోలేదు. ఆ నింద నిలువలేదు; కావ్యము సాహిత్యచరిత్రమునఁ దన తావును గైకొన్నది. ఇచ్చట గమనింపవలసినది చట్టపు లెక్క. రామకృష్ణకవిగారు 1957లోఁ గాలధర్మము నందిరి. నింద నిజమై, కర్తృత్వము వారిదని రుజువైయుండినచో, కావ్యముపై వారి వారసులకు 2017 డిసెంబరు 31 వఱకును హక్కుండెడిది. వారు సత్యవంతులైనందున మూలముపై నేమియు లేదు. తాము స్వయముగా వ్రాసిన పీఠికాదులపై మాత్రమే యుండెను. కూటకవికిఁ గలుగు హక్కు నిజమైన పరిష్కర్తకుఁ గలుగదు.

హక్కు కల దనుకొన్నను, అపహరణమును నిరూపించుట యెట్లు? ఇరువురు పండితులు వేర్వేఱు ప్రతులనుండి యొకే పాఠమునకుఁ జేరవచ్చును గదా. ఇచ్చట న్యాయస్థానముల పద్ధతియుఁ బాఠపరిశోధకుల పద్ధతియు నొక్కటియే యగుట ముచ్చట గొలుపును. ఒప్పులు కలియుట వింత గాదు. తప్పులు కలియుటయే సాక్ష్యము. ఒకే యస్థానమున నొకే పాదము జాఱిన రెండు ప్రతులు ఒకే మాతృకకుఁ బుట్టినవని పరిశోధకుఁడు వంశవృక్షమును గీయును. మొదటి ముద్రణములోని యచ్చుతప్పులు రెండవదానిలో నట్లే కనఁబడినచో న్యాయమూర్తియు నట్లే నిశ్చయించును. తన కూర్పులోని ముద్రారాక్షసములను దలఁచుకొని కుందెడి పండితునకు నవి యొకనాఁడు సాక్షులుగా నిలుచుట కలదు.

పీఠికాదులపై హక్కున్నచోట నది యెవ్వరిదను ప్రశ్నయుఁ జిన్నది గాదు. తెలుఁగున గ్రంథపరిష్కరణము పెక్కుచోట్ల జీతము పుచ్చుకొన్న పండితుల చేతిమీఁదుగా జరిగినది. సి.పి. బ్రౌను కడపలోఁ బండితులను నియమించి, వారికి దానే వేతనము లిచ్చి, ప్రతులను సేకరింపించి, సరిపోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించెను. అతని వేమన 1829లో వెలువడెను. అట్టి యేర్పాటు నేఁటి చట్టము క్రిందఁ జేసినచో, ఉద్యోగధర్మముగా వ్రాసిన దానికి, వేఱొడంబడిక లేనియెడల, యజమానుఁడే తొలి స్వామి. ఉద్యోగి గాక, యొక్క గ్రంథమునకు వ్యాఖ్య వ్రాసి యిచ్చుట కొప్పుకొన్న పండితుని స్థితి వేఱు. అతఁడు వ్రాసి చేవ్రాలు చేసి యిచ్చిననే కాని హక్కు ప్రచురణకర్తకుఁ జేరదు. ఆ పత్రమున గడువు చెప్పకున్న నైదేండ్లే యని, దేశము చెప్పకున్న భారతదేశము మాత్రమే యని చట్ట మూహించుకొనును. సర్వస్వామ్యములు వదలుకొంటి నని యొక్క వాక్యము వ్రాసి యిచ్చి, గడువు మాట మఱచిన పత్రములు చూచినవారికి నీ నియమపు విలువ తెలియును. హక్కు నమ్ముకొన్నను బేరు నమ్ముకొన్నట్లు గాదు: తన వ్యాఖ్య తనదిగాఁ జెప్పించుకొనుటకును, దానిని వికృతపఱచి తన ప్రతిష్ఠకుఁ గొఱఁత తెచ్చినవారి నెదిరించుటకును గర్తకు 57వ ప్రకరణము క్రింద నధికారము నిలిచియే యుండును. అట్టమీఁదఁ గాపీరైటు రిజిష్టరు చేయఁబడిన దని యచ్చువేయుట కొందఱ కలవాటు. రిజిష్టరు చేయుట సాక్ష్యమునకుఁ దోడ్పడును గాని, అది లేకున్న హక్కు పుట్టదనుట పొరపాటు.

తర్కమునకును శ్రమకును గల యీ విరోధమును జర్మనీవారు నేర్పుతోఁ దప్పించుకొనిరి. పరిష్కర్తను గర్త యనక, అతని కొక చిన్న హక్కును వేఱుగాఁ గల్పించిరి. శాస్త్రీయపరిశోధనఫలమై, ముందున్న కూర్పులకంటె ముఖ్యముగా భిన్నమైన పరిష్కరణమునకు 25 ఏండ్లు రక్షణ కలదు. ఎన్నఁడును బ్రకటితము గాని ప్రాచీనగ్రంథమును దొలుత వెలువరించినవానికిని 25 ఏండ్లే. ఐరోపాసమాజపు 1993 నాఁటి నిర్దేశము రెండవదానిని సభ్యదేశముల కన్నింటికి విధించి, మొదటిదానిని 30 ఏండ్లు మించకుండ నిచ్చుటకు వారి యిష్టమునకు విడిచెను. ఇచ్చట 'పాఠము నాది' అని బొంకవలసిన పని లేదు. 'పాఠము కవిది, పని నాది' అన్నఁ జాలును. మనదేశమున నిట్టి నియమము లేదు. అచ్చు కూర్పునకు నింగ్లండులో 25 ఏండ్ల ప్రత్యేకరక్షణ కలదు. మనకు నదియు లేదు. కావున హక్కు తీఱిన పాత కూర్పును ఛాయాచిత్రము తీసి యథాతథముగా ముద్రించుట కెవ్వరి యనుమతియు నక్కఱలేదు. చిన్న హక్కు మనకును మేలే కాని, దానిని గడువు చిన్నదిగాను, పాఠమును బరిశోధనార్థ ముదాహరించువారి కడ్డు గాకుండను నేర్పఱుపవలెను. లేనిచో నొక ప్రతిని ముందుగాఁ జూచినవాఁడే తలుపు మూసికొని కూర్చుండును.

తాళపత్రములను గల్గియుండుట వేఱు, గ్రంథస్వామ్యము గల్గియుండుట వేఱు. ఆకులు గల గృహస్థుఁడు గాని భాండాగారము గాని వానిని జూపుటకు నియమములు పెట్టవచ్చును. ఆ నియమములు చేవ్రాలు చేసినవానిని బంధించును గాని, అచ్చైన పుస్తకమును గొని చదివిన మూఁడవవానిని బంధింపవు. ప్రజలకుఁ బ్రవేశము గల గ్రంథాలయములలోని యప్రకటితగ్రంథమును బరిశోధనకొఱకుఁ గాని ప్రకటించుటకొఱకుఁ గాని ప్రతిచేసికొనుట తప్పు గాదని 52వ ప్రకరణమునఁ గలదు; కర్త యెవ్వఁడో తెలిసినచో నతఁడు మరణించి 60 ఏండ్లు గడచియుండవలెను. నిన్నమొన్నటి పండితులు వ్రాసి యచ్చువేయింపక పోయిన వ్యాఖ్యలకు నీ నియమము ముఖ్యము. మరణకాలమున హక్కు నిలిచియుండి, యప్రకటితముగా మిగిలిన కృతికిఁ బ్రకటించిన తరువాతి సంవత్సరమునుండి 60 ఏండ్లు లెక్కింపఁబడును. మరణశాసనమున నా వ్రాఁతప్రతి నొకరికిచ్చి, వేఱుగా నేమియుఁ జెప్పకున్నచో, హక్కును వారికే చేరినట్లు చట్ట మెంచును. ఒకరి యింటి పెట్టెలోని ప్రతిని జూచుటకు మాత్రము, కవి వేయియేండ్ల నాఁటివాఁ డైనను, ఆ యింటివారి యనుమతి కావలెను.